రోజూ రాత్రి రెండున్నరకి మెలకువ వచ్చేస్తోంది, మళ్ళీ పట్టట్లేదు... ఇంకెవరికైనా ఇలా ఉందా?
(2021 వేసవి, కోవిడ్ రెండో వేవ్ రోజుల నాటి చర్చ)

చుక్కలముగ్గు
నాన్న హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. కోవిడ్ నెగెటివ్ వచ్చేసింది, ఆక్సిజన్ అవసరం లేదన్నారు, పొద్దున్నే రెండు ఇడ్లీలు తిని వరండాలో పేపర్ చదువుకుంటున్నారు. అంటే ఇప్పుడు భయపడాల్సిందేమీ లేదు. కానీ నా నిద్ర పోయింది. పదిన్నరకి పడుకుంటే ఏ పన్నెండుకో పడుతుంది, సరిగ్గా రెండున్నర రెండు ముప్పావు మధ్యలో ఎవరో తట్టి లేపినట్టు లేచి కూర్చుంటున్నా. లేవగానే ఆక్సీమీటర్ (ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించేది) తీసుకుని నాన్న గదిలోకి వెళ్తా, ఆయన నిద్రలో ఉండగానే వేలికి తగిలిస్తా, చీకట్లో ఆ ఎర్ర లైటు వెలిగి అంకె వచ్చేదాకా నేనే ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటా. 96. హమ్మయ్య అని వచ్చి పడుకుంటా. పది నిమిషాలకి, వేలు సరిగ్గా పెట్టానో లేదో అని డౌటు. మళ్ళీ వెళ్తా. నాలుగున్నరకి పాల ప్యాకెట్లవాడి బండి చప్పుడు వినిపించేదాకా ఇదే వరస. తొమ్మిదికి లాగిన్ అవ్వాలి. నిన్న మీటింగ్‌లో మేనేజర్ ఏదో అడిగారు, ఏమడిగారో ఇప్పటికీ గుర్తు లేదు. మాది విజయవాడ, మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, డాక్టర్ దగ్గరికి వెళ్దామన్నా ఇది నిద్ర కోసం వెళ్ళే టైమా అనిపిస్తోంది. మీలో ఎవరికైనా ఇలా ఉంటే ఏం చేశారో చెప్పండి ప్లీజ్.

పెసరట్టు_ఉప్మా
నాకూ ఇంతే. ఈ రిప్లై పెడుతున్న టైమ్ 3:10, చూసుకో కావాలంటే.

గోదారిగట్టు
అమ్మా, పడుకునే ముందు వేడి పాలల్లో చిటికెడు జాజికాయ పొడి వేసుకుని తాగు, అరికాళ్ళకి కొబ్బరి నూనె మర్దనా చేసుకో. మా అత్తగారు జీవితాంతం ఇదే చేశారు, పడుకోగానే నిద్ర పట్టేసేది ఆవిడకి. మెలకువ వస్తే లేవకు, కళ్ళు మూసుకుని విష్ణుసహస్రనామం అనుకుంటూ పడుకో, ఎక్కడో మధ్యలో నీకే తెలీకుండా పట్టేస్తుంది.

బెజవాడ_బుల్లోడు
ఇవన్నీ ఎందుకండీ, అల్‌ప్రాజోలం పావు మిల్లీగ్రాము ఒకటి వేసుకుంటే తెల్లారేదాకా లేవరు. పోయిన ఏడాది లాక్‌డౌన్‌లో నాకు తెలిసినాయన ఇచ్చాడు, బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పటికీ అప్పుడప్పుడు వేసుకుంటున్నా.

మందులషాపు_మామ
బుల్లోడూ, అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు, అట్ట మీద ఎర్ర గీత ఎందుకుంటుందనుకున్నావ్. నేను ఇరవై ఏళ్ళుగా కౌంటర్ దగ్గరే ఉన్నా. మొదటి వారం ఒకటి, రెండో నెలకి రెండు, ఆ తర్వాత అది లేనిదే కన్ను మూతపడదు, ఒక్కసారిగా ఆపేస్తే ముందుకన్నా ఘోరంగా నిద్ర కరువవుతుంది, చేతులు వణుకుతాయి. పెద్ద వయసువాళ్ళు రాత్రి బాత్రూంకి లేచి తూలి పడతారు. పైగా ఇప్పుడు కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ళు, ఆక్సిజన్ అంతంతమాత్రంగా ఉన్నవాళ్ళు ఇలాంటి మందులు సొంతంగా వేసుకుంటే ఊపిరే మందగించొచ్చు. ఈ రెండు నెలల్లో ఈ మాత్ర అడిగి వచ్చినవాళ్ళని చూస్తే నాకే దిగులుగా ఉంది, పాతికేళ్ళ పిల్లలు వస్తున్నారు. చీటీ లేకపోతే ఇవ్వను. తిట్టుకుంటూ వెళ్తారు, వెళ్ళనీ.

బెజవాడ_బుల్లోడు
నేను అప్పుడప్పుడే అన్నాను కదా మామా, రోజూ కాదు.

మందులషాపు_మామ
"అప్పుడప్పుడు" అంటే వారానికి ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకో. ఎక్కువైతే డాక్టర్‌కి చెప్పి మెల్లగా తగ్గించుకో, నువ్వే ఆపేయకు. కోపంతో అనట్లేదు.

బడిపంతులు_77
మాది కరీంనగర్ దిక్కు. నాకు సుత నిద్ర పడ్తలేదు గని నాది వేరే కథ. ప్రైవేట్ బడిల పంతులును, పోయినేడు మార్చిల మూసిన్రు, మధ్యల నెలన్నర తెరిసి మళ్ల బంద్ వెట్టిన్రు. జీతం లేదు. సర్కారు నెలకు 2000, పాతిక కిలోల బియ్యం ఇస్తున్నది, బియ్యం దాకా సరే, కిరాయి యాడ తేవాలె. పండుకుంటే సాలు, సీకట్ల లెక్కలు మొదలైతయ్. కిరాయికింత, సిట్టికింత, పిల్ల ఫీజుకింత. కూడుత, తీసేస్త, మళ్ల కూడుత, ఎన్నిసార్లు కూడినా గంతే అస్తది. గీ జాజికాయ పాలకు గా లెక్కలు తెగుతయా అక్కా?

గోదారిగట్టు
తెగవు నాయనా. నువ్వు చెప్పింది వింటే నాకే నోట మాట రాలేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నేను స్టాఫ్ నర్సుని, కోవిడ్ వార్డులో ఏడాదిగా నైట్లు చేస్తున్నా, నిద్ర గురించి నా ఒంటి మీద నేర్చుకున్నవి కొన్ని, మా సైకియాట్రీ మేడమ్ స్టాఫ్‌కి చెప్పినవి కొన్ని.

చుక్కలముగ్గూ, మొదటి మూడు నాలుగు గంటల్లోనే గాఢనిద్ర ఎక్కువ ఉంటుంది, ఆ తర్వాత నిద్ర పలచబడుతుంది, అందుకే రెండున్నర మూడింటికి ఎవరికైనా చిన్నగా మెలకువ వస్తూనే ఉంటుంది. మామూలు రోజుల్లో అటు తిరిగి పడుకుంటాం, పొద్దున్నకి గుర్తు కూడా ఉండదు. నీకు ఆ చిన్న మెలకువలోనే "నాన్న" అని గుండె గుర్తు చేస్తోంది. నువ్వు వెళ్ళి చూస్తున్నావ్, 96 కనిపించగానే ప్రాణం లేచొస్తోంది. చూస్తేనే నెమ్మది అని ఒంటికి అలవాటైపోయింది, రేపు రాత్రి మళ్ళీ లేపుతుంది. కాపలా డ్యూటీ వేసినట్టే.

ఆక్సీమీటర్ సంగతి. నిద్రలో ఒకటి రెండు అంకెలు తగ్గడం మామూలే. వేలు చల్లగా ఉన్నా, కదిలినా, నెయిల్ పాలిష్ ఉన్నా తప్పు చూపిస్తుంది. కాబట్టి అర్ధరాత్రి ఏసీ గదిలో చల్లబడ్డ వేలికి పెట్టి చూస్తే నీకు భయమే తప్ప ఉపయోగం లేదు. పగలు చూడు. మీ డాక్టర్ ఒప్పుకుంటే ఆరు నిమిషాలు ఇంట్లోనే నడిపించి, నడక ముందు ఒకసారి తర్వాత ఒకసారి చూడు. 94 కన్నా కిందకి పోయినా, నడిస్తే మూడు అంకెలకి మించి పడినా ఫోన్ చెయ్యాలి. అది నిలకడగా ఉంటే రాత్రి చూడక్కర్లేదు.

ఒకటి అడుగుతా, ఇష్టమైతేనే చెప్పు. ఆ రెండున్నర టైమ్‌కే మీ ఇంట్లో ఏమైనా జరిగిందా?

పెసరట్టు_ఉప్మా
సిస్టర్ పోస్ట్ స్క్రీన్‌షాట్ తీసి మా అక్కకి పంపించా. మా బావగారి వేలికి అది రోజూ ఎన్నిసార్లు పెడుతుందో లెక్క లేదు, చిన్నోడు తన టెడ్డీ బొమ్మ చేతికి కూడా పెట్టి "అమ్మా దీనికి రావట్లేదు" అని ఏడ్చాడట.

డాలస్‌బాబు
చుక్కలముగ్గు గారూ, మీకు నాన్నగారు పక్క గదిలో ఉన్నారు, అదొక్కటే నాకు అసూయగా ఉంది, తప్పుగా అనుకోకండి. మా అమ్మ ఒక్కతే తెనాలిలో ఉంటుంది. నేను అమెరికాలో H1B ఉద్యోగ వీసా మీద ఉన్నా, దాని స్టాంపింగ్ గడువు అయిపోయింది, ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద మే 4 నుంచి ఇక్కడ ఆంక్షలు పెట్టారు కదా, వెళ్తే మళ్ళీ ఎప్పుడు రాగలనో తెలీదు, ఇక్కడ భార్యాపిల్లలు. రాత్రి ఒంటిగంటకి లేచి వాట్సాప్‌లో అమ్మ లాస్ట్ సీన్ చూస్తా. పది నిమిషాల క్రితందైతే సరే. రెండు గంటల క్రితందైతే ఇక అంతే, పక్కింటి పిన్నిగారికి మెసేజ్ పెట్టాలా వద్దా, పెడితే కంగారు పడతారేమో అని తెల్లారేదాకా అదే ఆలోచన. ఫేస్‌బుక్ తెరిస్తే వరసగా "ఓం శాంతి"లు. నాతో ఇంజినీరింగ్ చదివినవాళ్ళవి కూడా.

పెసరట్టు_ఉప్మా
బాబు గారూ ఒక మాట, మీకు రాత్రి ఒంటిగంట అంటే ఇక్కడ పొద్దున్న పదకొండున్నర. మీరు పడుకునే టైమంతా తెనాలిలో పట్టపగలు, పక్కింటివాళ్ళు, కూరగాయలబండివాడు, పనమ్మాయి అందరూ మెలకువగా తిరుగుతుంటారు. అమ్మగారు ఒంటరిగా ఉండే రాత్రి అంటే మీరు ఆఫీసులో కూర్చున్న టైమ్. అంటే కాపలా కాయాల్సింది మీరు లేచి ఉన్నప్పుడే కదా, పడుకున్నప్పుడు ఊరంతా ఉంది.

డాలస్‌బాబు
...ఇన్నాళ్ళూ ఇలా ఆలోచించలేదండీ. నిజమే.

పెసరట్టు_ఉప్మా
ఇంకోటి, లాస్ట్ సీన్ కాకుండా అమ్మగారిని పొద్దున్న ఆరింటికి ముగ్గు వెయ్యగానే ఒక ఫోటో పెట్టమనండి. మీకు అది రాత్రి ఏడున్నరకి వస్తుంది. చూసి పడుకోండి.

కొబ్బరాకు
మీ అందరివీ చదువుతున్నా. సిస్టర్ చెప్పింది కరెక్టే కావొచ్చు. కానీ ఫోన్ చూడొద్దు, పక్కన పెట్టి పడుకో అని ఎవరు చెప్పినా నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న మే మొదటి వారంలో మా చిన్నాన్న ఐసీయూలో ఉన్నాడు. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. నాలుగు రాత్రులు నిద్ర లేదు, ఐదో రాత్రి అందరూ కాసేపు పడుకోరా అంటే ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నా. ఐదున్నరకి లేచి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. అప్పటినుంచి నేను పడుకోవట్లేదు. నిద్ర రాక కాదు. వస్తోంది. కళ్ళు మూతలు పడుతుంటే లేచి మొహం కడుక్కుంటున్నా. ఫోన్ చేతిలోనే ఉంటుంది, ఇంక ఎవరూ చేసేవాళ్ళు లేకపోయినా.

గోదారిగట్టు
అయ్యో నాయనా.

నైట్‌డ్యూటీ_సిస్టర్
కొబ్బరాకూ, నేను ఆ ఫోన్లు చేసే వైపు ఉన్నదాన్ని కాబట్టి చెప్తున్నా. అర్ధరాత్రి మేము చేసే ఫోన్లలో చాలావరకు కబురు చెప్పడానికే, వచ్చి కాపాడుకోమని కాదు. నువ్వు మొదటి రింగుకే ఎత్తినా లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు, గేటు దగ్గరే నిలబడేవాడివి. ఆయనకి ఆ రాత్రి జరగాల్సిన వైద్యం నీ ఫోన్ మీద ఆధారపడి లేదు. ఇంకో మాట కూడా, మా వార్డులో ఎవరికైనా అలా అవుతుంటే మాలో ఒకరం చెయ్యి పట్టుకుని కూర్చునేవాళ్ళం, పీపీఈ కిట్ లోపల చెమటతో, గ్లౌజులతోనే. ప్రతిసారీ కుదరలేదు, కుదిరినప్పుడల్లా కూర్చున్నాం.

నువ్వు చేస్తున్నది నిద్రలేమి కాదు తమ్ముడూ, నీకు నువ్వు శిక్ష వేసుకోవడం. ఇది పాలు తాగితేనో, ఫోన్ పక్కన పెడితేనో తగ్గేది కాదు, మనిషితో మాట్లాడాలి. కిరణ్ హెల్ప్‌లైన్ (ఇప్పుడు దాని బదులు టెలి మానస్, 14416), ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనో, ఇంకెందుకు బతకడం అనో ఒక్క ఆలోచన వచ్చినా ఆగకుండా చెయ్యి. ఇంట్లో ఎవరున్నారు?

కొబ్బరాకు
అమ్మ, పిన్ని. పిన్ని ముందు ఏడవలేను కదా.

బడిపంతులు_77
తమ్మీ, ఎందుకు ఏడవద్దు. మా బాపు పోయినప్పుడు నేను గట్టిగున్న, అందరూ మెచ్చుకున్నరు, మా అమ్మ మాత్రం ఏడాది తర్వాత అన్నది, నీకు నీ బాపు మీద పాణం లేదనుకున్న బిడ్డా అని. గా మాట ఇప్పటికీ గుచ్చుతది. మీ పిన్ని పక్కన కూసో. ఇద్దరు కల్సి ఏడ్వుండ్రి.

కొబ్బరాకు
సరే అన్నా.

చుక్కలముగ్గు
సిస్టర్ అడిగినదానికి రెండు రోజులుగా రిప్లై ఇవ్వలేకపోయా. జరిగింది. నాన్న హాస్పిటల్‌లో ఉన్న మూడో రాత్రి 2:40కి ఫోన్ వచ్చింది. సాచురేషన్ పడిపోతోంది, ఫలానా ఇంజెక్షన్ మా దగ్గర అయిపోయింది, తెల్లారేలోపు మీరే తెచ్చుకోండి అన్నారు. హాస్పిటల్ పేరు ఇక్కడ వద్దు. తమ్ముడు బైక్ వేసుకుని బయల్దేరాడు, బెంజ్ సర్కిల్ దగ్గర పోలీసులు ఆపితే ఫోన్‌లో ప్రిస్క్రిప్షన్ చూపించాడు, వాళ్ళే ఫలానా చోట అడుగు బాబూ అని చెప్పారట. నేను ఇంట్లో నలభై మందికి ఫోన్లు చేశా, ఆ టైమ్‌లో ఫోన్ ఎత్తి తిట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆరింటికి దొరికింది. నాన్న బతికారు. ఇప్పుడు టైప్ చేస్తుంటేనే చేతులు చల్లబడ్డాయి. ఇన్నాళ్ళూ నేను ఈ రెండిటినీ కలిపి చూడలేదు, రెండున్నర అంటే ఏదో నా ఒంట్లో లోపం అనుకున్నా.

పెసరట్టు_ఉప్మా
ఆ రోజు మోగిన రింగ్‌టోనే ఇప్పటికీ ఉందా నీ ఫోన్‌లో?

చుక్కలముగ్గు
ఉంది. పగలు మోగినా కడుపులో తిప్పినట్టవుతోంది. మార్చొచ్చన్న ఆలోచనే రాలేదు.

పెసరట్టు_ఉప్మా
ఇప్పుడే మార్చు. నేను ఆగుతా.

చుక్కలముగ్గు
మార్చా. వీణ పెట్టా.

బెజవాడ_బుల్లోడు
మామా, లెక్కపెట్టుకున్నా. వారానికి నాలుగు. నాకు తెలీకుండానే. రేపు డాక్టర్‌కి ఫోన్ చేస్తా.

మందులషాపు_మామ
మంచి పని చేస్తున్నావ్ బాబూ. చీటీ ఫోటో నాకు మెసేజ్ పెట్టు, ఎలా తగ్గించమన్నారో అర్థం కాకపోతే చెప్తా.

గోదారిగట్టు
సిస్టరమ్మా, మెలకువ వస్తే పడుకునే ఉండాలా లేవాలా అది తేల్చు. నేను పడుకోమన్నాను, మా మనవడు గూగుల్‌లో చూసి లేవాలంటున్నాడు, ఇంట్లో ఇదే గొడవ.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇద్దరిదీ నిజమే అమ్మగారూ. నామం అనుకుంటూ హాయిగా ఉంటే పడుకోండి, ఆ విశ్రాంతి కూడా మంచిదే. కానీ ఇరవై నిమిషాలైనా (గడియారం చూడొద్దు, అందాజుగానే) చిరాకు పెరుగుతూ, ఇటు దొర్లి అటు దొర్లి ఉంటే మంచం దిగాలి. వేరే గదిలో చిన్న దీపం వెలుగులో కూర్చుని బట్టలు మడతపెట్టుకోవడమో, బియ్యంలో రాళ్ళు ఏరుకోవడమో, బోర్ కొట్టే పని ఏదైనా. కళ్ళు బరువెక్కితేనే మళ్ళీ మంచం. మంచం అంటే నిద్ర అని ఒంటికి గుర్తుండాలి. ఇప్పుడు అందరం మంచం మీదే ల్యాప్‌టాప్, మంచం మీదే భోజనం, మంచం మీదే న్యూస్, ఇంక దానికేం గుర్తుంటుంది.

రాత్రి ఎంతసేపు పడుకున్నా పొద్దున్న లేచే టైమ్ మాత్రం మార్చొద్దు. ఇదే అన్నిటికన్నా కష్టం, ఇదే అన్నిటికన్నా పనిచేసేది. లేచాక డాబా మీద ఎండలో కాసేపు. పగటి కునుకు అరగంట దాటొద్దు. కాఫీ మధ్యాహ్నం వరకే, సాయంత్రం ఐదుకి తాగినదాంట్లో సగం రాత్రి పదికి కూడా ఒంట్లోనే ఉంటుంది.

పంతులన్నా, మీ లెక్కలు చీకట్లో కాకుండా సాయంత్రం ఆరింటికి కాగితం మీద వెయ్యండి, చివర్లో రేపు చెయ్యాల్సిన పని ఒక్కటి రాయండి. అప్పు తీరదు, తెలుసు. మెదడుకి మాత్రం రాసిపెట్టాం మర్చిపోం అన్న ధీమా వస్తుంది.

ఇంట్లో పేషెంట్ ఉంటే ఫోన్ సైలెంట్ అక్కర్లేదు, "డిస్టర్బ్ చెయ్యొద్దు" పెట్టి ముఖ్యమైన నలుగురి నంబర్లు మాత్రం మోగేలా పెట్టుకోవచ్చు. కొబ్బరాకు కోపం న్యాయమైనదే, అందుకే ఇది చెప్తున్నా. ఇలా చేసినా రెండు మూడు వారాల్లో మార్పు లేకపోతే డాక్టర్‌ని అడగండి, నిద్రకి మందు లేని వైద్యం కూడా ఉంది.

డాలస్‌బాబు
కోవిడ్ వచ్చి తగ్గిన మా ఫ్రెండ్ ఒకడికి తనకే నిద్ర రావట్లేదు, రాత్రంతా గదిలో పచార్లు చేస్తున్నాడు, ఇది టెన్షనేనా?

మందులషాపు_మామ
స్టెరాయిడ్ ఇంకా వాడుతున్నాడా అడగండి, డెక్సామెథజోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ లాంటివి. అవి నిద్ర పోగొడతాయి, సాయంత్రం వేసుకుంటే మరీను. పొద్దున్న టిఫిన్ తర్వాతకి మార్చొచ్చేమో డాక్టర్‌ని అడగమనండి, సొంతంగా మాత్రం ఆపకూడదు. రాత్రి మాటిమాటికి ఒంటేలుకి లేస్తుంటే షుగర్ కూడా చూపించుకోవాలి, ముందు లేనివాళ్ళకి కూడా స్టెరాయిడ్‌తో పెరుగుతోంది.

డాలస్‌బాబు
రాత్రి ఎనిమిదింటికి వేసుకుంటున్నాడట! ఇప్పుడే చెప్పా, డాక్టర్‌కి మెసేజ్ పెడుతున్నాడు.

బడిపంతులు_77
సిస్టర్ జెప్పినట్టే కాయితం మీద రాసిన. రాస్తే తెలిసింది, సిట్టి ఆయనను రెండు నెల్లు ఆగుమని నేను అసలు అడగనే లేదు. అడిగిన. ఆగుత అన్నడు. కిరాయి సంగతి గట్లనే ఉన్నది. గని నిన్న రాత్రి పదకొండు నుంచి నాలుగు దాకా పండుకున్న.

కొబ్బరాకు
పిన్నితో మాట్లాడా. తనకీ ఆ రోజు పది మిస్డ్ కాల్స్ ఉన్నాయంట. తను కూడా పడుకుందంట. నాకు చెప్పలేదు, నేనేమనుకుంటానో అని. సిస్టర్ చెప్పిన హెల్ప్‌లైన్‌కి కూడా చేశా, ముప్పావుగంట విన్నారు. నిన్న హాల్లో అందరం వరసగా చాపలేసుకుని పడుకున్నాం. ఫోన్ పిన్ని దగ్గర పెట్టా.

గోదారిగట్టు
రోజూ ఒక ముక్క ఇక్కడ రాస్తూ ఉండు నాయనా, చూస్తూ ఉంటాను.

చుక్కలముగ్గు
పన్నెండు రోజుల తర్వాత వచ్చా. ఆక్సీమీటర్ తమ్ముడి గదిలో బీరువాలో పెట్టించా. పొద్దున్న ఒకసారి, సాయంత్రం నడక తర్వాత ఒకసారి వాడే చూసి పుస్తకంలో రాస్తాడు, నేను పుస్తకం మాత్రమే చూడాలి. మొదటి మూడు రాత్రులు నరకం, గడప దాకా వెళ్ళి నిలబడి నాన్న గురక విని వెనక్కొచ్చా. నాలుగో రాత్రి మూడింటికి లేచి హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే నాన్నే లేచి వచ్చారు. ఏంటమ్మా ఈ టైమ్‌లో అన్నారు. చెప్పేశా, ఫోన్ సంగతి, వేలికి పెట్టి చూస్తున్న సంగతి. ఆయన "నువ్వు పెట్టినప్పుడల్లా నాకు మెలకువ వచ్చేది, నువ్వు కంగారు పడతావని కదలకుండా పడుకునేవాణ్ణి" అన్నారు. ఇద్దరం కూర్చుని ఆ చిక్కుడుకాయలన్నీ అయ్యేదాకా మాట్లాడుకున్నాం.

ఇంకా మెలకువ వస్తోంది. రోజూ కాదు, వారంలో రెండు మూడు రోజులు. వచ్చినా అరగంటలో పడుతోంది. నిన్న ఐదున్నరదాకా పడుకున్నా, పాలబండి వినపడలేదు.

పెసరట్టు_ఉప్మా
ఈ పోస్ట్ నేను చూసింది పొద్దున్న 7:40కి. అప్పుడే లేచా.

డాలస్‌బాబు
అమ్మ ఇవాళ మెలికల ముగ్గు పెట్టింది, చుక్క ఒకటి తప్పింది, ఫోన్ చేసి చెప్తే "నీకెందుకురా, పడుకో" అంది.

బడిపంతులు_77
చుక్కలముగ్గమ్మా, చిక్కుడుకాయ ఏం కూర వండిన్రు మరి?

చుక్కలముగ్గు
నువ్వులపొడి వేసి వేపుడు. నాన్న రెండోసారి అడిగి వేయించుకున్నారు.